చెర విడిచిన తరువాత: నేరానికి మరలిపోవడాన్ని బౌద్ధ వాఙ్మయం, శాసనాలు ఎట్లా అర్థం చేసుకున్నాయి?

శిక్ష అనుభవించి బయటకు వచ్చిన వ్యక్తి మరల అదే నేరం చేసి పట్టుబడినప్పుడు సమాజం సాధారణంగా రెండు మాటలలో ఒకటి అంటుంది. శిక్ష చాలలేదు అన్నది మొదటిది. వాని స్వభావమే అంత అన్నది రెండవది. మొదటి మాట దండనను పెంచమంటుంది. రెండవది మనిషిపైన ఆశ వదులుకోమంటుంది. ఈ రెండు వివరణలూ కొత్తవి కావు. బుద్ధుని కాలానికే ఇవి ప్రచారంలో ఉన్నాయని, వాటిని బౌద్ధ వాఙ్మయం ప్రశ్నించిందని చూపడం ఈ వ్యాసం ఉద్దేశం. పాలి సుత్తాలు, వినయ పిటకం, అశోకుని శాసనాలు, ఆచార్య నాగార్జునుని రత్నావళి ఈ విషయంలో మనకున్న ముఖ్యమైన ఆధారాలు. వీటిలో రెండింటికి తెలుగు నేలతో నేరుగా సంబంధమున్నది.

మిగిలినవారి ప్రశ్న

దీఘనికాయంలోని కూటదంత సుత్తంలో మహావిజితుడనే రాజు కథ ఉన్నది. ఆయన గొప్ప యజ్ఞం చేయదలచి పురోహితుని సలహా కోరుతాడు. రాజ్యమంతా దొంగల బాధతో అల్లాడుతున్నదని, గ్రామాలూ పట్టణాలూ దోపిడీకి గురవుతున్నాయని, ఇటువంటి వేళ ప్రజల మీద కొత్త భారం మోపడం ధర్మం కాదని పురోహితుడు చెబుతాడు. వధ, బంధనం, జరిమానా, దేశబహిష్కారం వంటి దండనలతో దొంగలను అణచవచ్చునని రాజు అనుకుంటే అది సాధ్యం కాదనీ అంటాడు. అందుకు ఆయన చూపే కారణం గమనించదగినది. దండన తప్పించుకొని మిగిలినవారు తరువాత మరల రాజ్యాన్ని పీడిస్తారు. నేర పునరావృత్తిని గురించి భారతీయ వాఙ్మయంలో కనిపించే అతి ప్రాచీనమైన ఆలోచనలలో ఇది ఒకటి.

పురోహితుడు సూచించిన మార్గం పూర్తిగా ఆర్థికమైనది. వ్యవసాయం, పశుపోషణ చేసేవారికి విత్తనాలు, మేత ఇవ్వాలి. వ్యాపారం చేసేవారికి పెట్టుబడి ఇవ్వాలి. రాజోద్యోగులకు తిండీ, జీతమూ ఏర్పాటు చేయాలి. అప్పుడు ఎవరి పనిలో వారు నిమగ్నులై రాజ్యాన్ని పీడించరు. ఈ సలహాలో ఎవరు దొంగ, ఎవరు కాదు అన్న విభజన లేదు. వృత్తిలో ఉన్న ప్రతివానికీ ఆధారం కల్పించడమే ఇందులో ప్రధానం.

ఈ విభజన లేకపోవడం ఎందుకు ముఖ్యమో అదే నికాయంలోని చక్కవత్తి సీహనాద సుత్తం వివరిస్తుంది. అక్కడి రాజు తక్కిన ధర్మాలన్నీ పాటించినా నిర్ధనులకు ధనమివ్వలేదు. దారిద్ర్యం పెరిగింది. ఒకడు దొంగతనం చేసి పట్టుబడ్డాడు. బ్రతుకుతెరువు లేక చేశానని చెప్పగా, రాజు జాలిపడి వానికి ధనమిచ్చి పంపాడు. మరొకడు పట్టుబడినా అట్లాగే చేశాడు. దొంగతనం చేస్తే రాజు ధనమిస్తాడన్న వార్త వ్యాపించింది. అది చూసి భయపడిన రాజు తరువాతి దొంగకు గుండు గీయించి, డప్పు మ్రోగిస్తూ వీధులలో త్రిప్పించి, నగర దక్షిణ ద్వారం బయట శిరచ్ఛేదం చేయించాడు. దానితో దొంగతనం ఆగలేదు. జనం తామూ పదునైన ఆయుధాలు చేయించుకొని, దోచుకున్నవారిని చంపడం మొదలుపెట్టారు.

ఈ కథను కఠిన దండనకు వ్యతిరేకమైనదిగా మాత్రమే చదవడం వాడుక. కానీ ఇందులో కరుణతో చేసిన దానం కూడా విఫలమైంది. నేరం జరిగిన తరువాత నేరస్థునికి మాత్రమే చేసిన సాయం తప్పుడు సంకేతమిచ్చింది. నేరం జరిగిన తరువాత వేసిన ఘోరశిక్ష హింసను పెంచింది. రెండూ ఆలస్యంగా వచ్చిన చర్యలే. మొదట చేయవలసిన పని చేయకపోవడం వల్లనే రాజుకు ఈ రెండు దారులు మాత్రమే మిగిలాయి.

లోపలి కారణం

బౌద్ధం బాహ్య కారణాల వద్ద ఆగలేదు. ఆకలి తీరినవాడు కూడా ఎందుకు మరల తప్పు చేస్తాడన్న ప్రశ్నకు అనుసయాలనే భావనతో సమాధానం చెప్పింది. అనుసయమంటే చిత్తంలో నిద్రాణంగా ఉండే ప్రవృత్తి. కామరాగం, ప్రతిఘం, అవిద్య మొదలైనవి ఏడు అనుసయాలు. అనుకూలమైన సందర్భం తటస్థించే వరకు అవి నివురుగప్పిన నిప్పువలె ఉంటాయి. ఒక మనిషి ప్రస్తుతం శాంతంగా ఉన్నాడన్న కారణం చేత వానిలో ద్వేషానుసయం నశించిందని చెప్పలేము. ఏ చెడు తలపూ ఎరుగని పసిబిడ్డలో సైతం అనుసయాలుంటాయని మజ్ఝిమనికాయం చెబుతుంది. కనుక ఇది నేరస్థులకు మాత్రమే అంటగట్టదగిన దోషం కాదు. సామాన్య మానవులందరికీ వర్తించే లక్షణం.

దీనికి అనుబంధంగా మరొక సూత్రమున్నది. మనిషి దేనిని పదేపదే తలపోస్తాడో, అతని చిత్తం అటువైపే వంగుతుందని ద్వేధావితక్క సుత్తం బోధిస్తుంది. ఈ రెండు సూత్రాలనూ కలిపి చూస్తే చెరసాల గోడల మధ్య ఏమి జరుగుతుందో ఊహించవచ్చు. చేయడానికి పనిలేక, ఎవరితో మాట్లాడినా నేర ప్రసక్తే వచ్చే చోట ఏళ్ల తరబడి గడిపినవాని చిత్తం ఎటు వంగుతుంది? దుష్టసాంగత్యం, మద్యపానం, జూదం, సోమరితనం సంపదను హరించే ద్వారాలని సిగాలోవాద సుత్తం గృహస్థులను హెచ్చరించింది. వీటిలో దుష్టసాంగత్యాన్నీ, సోమరితనాన్నీ మన కారాగారాలు రాజ్యం ఖర్చుతోనే సమకూరుస్తున్నాయి. 2022 చివరి నాటికి భారతదేశపు జైళ్లలో ఉన్నవారిలో నూటికి దాదాపు 76 మంది విచారణ ఖైదీలే. నేరం రుజువు కానివాడు కూడా ఈ వాతావరణంలోనే నెలలూ సంవత్సరాలూ గడుపుతున్నాడని దీని అర్థం.

అట్లాగని అనుసయం విధిలిఖితం కాదు. దానిని గుర్తించవచ్చు, క్షీణింపజేయవచ్చు, నిర్మూలించవచ్చు. వాని స్వభావమే అంత అనే మాటకు బౌద్ధం ఇచ్చే ప్రత్యుత్తరం ఇదే.

తలుపులు మూసుకున్న ఊరు

అంగులిమాలుని కథ అందరికీ తెలిసినదే. కానీ మనం సాధారణంగా బుద్ధుని వెంట పరుగెత్తి అలసిపోయి ఆగిన ఘట్టం వద్ద కథను ముగిస్తాము. పునరావృత్తి సమస్య అర్థం కావాలంటే ఆ తరువాతి భాగాన్ని చదవాలి. సైన్యంతో వేటకు బయలుదేరిన కోసల రాజు ప్రసేనజిత్తు, అంగులిమాలుడు భిక్షువైనాడని తెలిసిన తరువాత చీవరం, ఆహారం, నివాసం, ఔషధం తానే సమకూరుస్తానని ముందుకు వస్తాడు. రాజ్యం తన వైపు నుండి ఒక ద్వారం తెరచింది.

ఊరు తెరవలేదు. భిక్షకు వెళ్లిన అంగులిమాలునికి ఎవరో విసిరిన మట్టిగడ్డ, మరొకరు విసిరిన కర్ర, ఇంకొకరు విసిరిన పెంకు తగిలి తల పగిలింది. భిక్షాపాత్ర బ్రద్దలైంది. చీవరం చిరిగింది. వినయ పిటకంలోని మహావగ్గ మరింత స్పష్టంగా చెబుతుంది. ఆయనను చూసిన జనం భయపడి పారిపోయేవారు, ముఖం త్రిప్పుకొనేవారు, తలుపులు మూసేవారు. మారిన మనిషికి ఎదురయ్యే మొదటి పరీక్ష ఇదే. అంగులిమాలుడు దానిని ఓర్చుకున్నాడు. కానీ ఆయన పక్కన బుద్ధుడున్నాడు, వెనుక సంఘమున్నది, రాజు అభయమున్నది. ఇవేవీ లేనివాడు మూసిన తలుపుల ముందు ఎంతకాలం నిలబడగలడు? నేరాన్ని గుర్తుంచుకున్న ఊరు అతనిని దూరం పెట్టినప్పుడు, ఆదరించేది పాత ముఠా ఒక్కటే అవుతుంది.

ఇక్కడ బౌద్ధ సంఘపు వైఖరిని కూడా నిష్పక్షపాతంగా చూడాలి. ప్రజల ఫిర్యాదు విన్న తరువాత, పేరుమోసిన దొంగకు ప్రవ్రజ్య ఇవ్వరాదని నియమం వచ్చింది. చెర నుండి పారిపోయినవానికి, కొరడా దెబ్బలు తిన్నవానికి, ఒంటిమీద వాత ముద్ర పడినవానికి కూడా ఇవ్వరాదని వరుసగా నియమాలు చేరాయి. పారిపోయినవానిని నిరాకరించడం అర్థమవుతుంది. సంఘం నేరస్థులకు ఆశ్రయస్థానం కారాదన్నది రాజులకూ ప్రజలకూ న్యాయమైన ఆందోళన. కొరడా దెబ్బలు తిన్నవాడు, వాత పడినవాడు మాత్రం శిక్షను అనుభవించినవారు. శిక్ష చిహ్నమే వారికి తలుపు మూసింది. కరుణను బోధించిన సంఘం సైతం లోకాపవాదానికి తలవంచక తప్పలేదంటే ఆ ఒత్తిడి ఎంత బలమైనదో గ్రహించవచ్చు.

జారిపడిన భిక్షువు

బయటివారి విషయంలో ఇంత జాగ్రత్త వహించిన వినయం, లోపలివారి విషయంలో భిన్నమైన పద్ధతిని నిర్మించింది. నాలుగు పారాజికాలకు సంఘంలో మరల స్థానం లేదు. వాటి తరువాత గురుతరమైనవి 13 సంఘాదిసేసాలు. ఈ తప్పు చేసిన భిక్షువు దానిని ఎన్ని రోజులు దాచాడో అన్ని రోజులు పరివాసమనే ప్రత్యేక స్థితిలో ఉండాలి. తరువాత ఆరు రాత్రులు మానత్తం పాటించాలి. ఆ కాలంలో అతనికి జ్యేష్ఠతా గౌరవం ఉండదు. వచ్చిపోయే భిక్షువులకు తన స్థితిని తానే తెలుపుకోవాలి. చివర 20 మందికి తక్కువ కాని భిక్షుసంఘం సమావేశమై అబ్భానమనే కర్మతో అతనిని తిరిగి స్వీకరిస్తుంది.

ఈ ప్రక్రియలో మూడు అంశాలు మన విషయానికి ముఖ్యమైనవి. మొదటిది, శిక్షాకాలం నేరాన్ని దాచిన కాలాన్ని బట్టి ఉంటుంది కనుక వెంటనే ఒప్పుకున్నవానికి మేలు జరుగుతుంది. రెండవది, పరివాసంలో ఉండగా మరల అదే తరహా తప్పు చేసేవారి కోసం మూలాయ పటికస్సన అనే ఏర్పాటున్నది. అంటే అతనిని మొదటికి తీసుకొనిపోయి క్రమాన్ని తిరిగి ప్రారంభిస్తారు. మనిషి మారే దారిలో మరల జారిపడవచ్చునని వినయకర్తలు ముందే ఊహించారు. ఆ జారుపాటును బహిష్కారానికి కారణంగా తీసుకోలేదు. మూడవది, శిక్ష ముగింపును సంఘం అందరి ఎదుట ప్రకటిస్తుంది. 20 మంది కూర్చొని ఇతడు మరల మనవాడని అంగీకరించిన తరువాత పాత తప్పు పేరుతో అతనిని వేరుగా చూడడానికి అవకాశం లేదు.

ఆధునిక న్యాయవ్యవస్థలో తీర్పు బహిరంగంగా వెలువడుతుంది. విడుదల మాత్రం జైలు గేటు వద్ద ఒక సంతకంతో ముగుస్తుంది. మన దేశపు 1958 నాటి నేరస్థుల ప్రొబేషన్ చట్టంలో 12వ సెక్షన్ అబ్భానానికి కొంత దగ్గరగా వస్తుంది. ఆ చట్టం కింద సత్ప్రవర్తనపై విడుదలైనవానికి, నేరనిర్ధారణ వల్ల సాధారణంగా కలిగే అనర్హతలు వర్తించవు. చట్టం కాగితం మీద తెరచిన ఈ తలుపును ఇల్లు అద్దెకిచ్చే యజమాని, పని ఇచ్చే వ్యాపారి కూడా తెరిస్తేనే దానికి ప్రయోజనముంటుంది.

శిలల మీద ఖైదీలు

ప్రాచీన భారతదేశపు కారాగారాల అవశేషాలు పురావస్తు తవ్వకాలలో బహు అరుదు. రాజగృహంలో బింబిసారుని చెరగా చెప్పుకునే రాతి కట్టడం కూడా సంప్రదాయం ఆధారంగా గుర్తించినదే. అందువలన ఖైదీలను గురించి మనకున్న దృఢమైన సాక్ష్యం కట్టడాలలో లేదు, శాసనాలలో ఉన్నది.

కర్నూలు జిల్లాలో గుత్తి, పత్తికొండల మధ్య ఉన్న ఎర్రగుడి బండల మీద అశోకుని 14 ప్రధాన శిలాశాసనాలూ ఉన్నాయి. వాటిలో ఐదవది, పట్టాభిషేకమైన 13 ఏళ్లకు ధర్మమహామాత్రులను నియమించినట్లు తెలుపుతుంది. వారి విధులలో ఖైదీల సంక్షేమం ఒకటి. బందీలకు సహాయం చేయడం, సంకెళ్లు తొలగించడం, విడుదల చేయడం వారి పని. సంతానం గలవారు, వృద్ధులు ప్రత్యేకంగా పరిగణింపదగినవారని శాసనం పేర్కొంటుంది. ఖైదీ వెనుక ఒక కుటుంబముందని, అతడు తిరిగివెళ్లే చోటు అదేనని రాజ్యం గుర్తించినదనడానికి ఇది నిదర్శనం.

ధౌలి, జౌగడలలోనూ, మన పొరుగున కర్ణాటకలోని సన్నతిలోనూ లభించిన ప్రత్యేక శాసనం అధికారులను ఉద్దేశించినది. అకారణంగా బంధనమో కఠిన శిక్షో అనుభవించేవారు ఉంటారని, దాని వల్ల తక్కిన జనమూ బాధపడతారని రాజు అందులో హెచ్చరిస్తాడు. నిష్పక్షపాతంగా ఉండలేకపోవడానికి కారణాలనూ ఏకరువు పెడతాడు. అసూయ, కోపం, క్రూరత్వం, తొందరపాటు, అభ్యాసలోపం, సోమరితనం, అలసట. ఈ పట్టికలో దుర్బుద్ధితో పాటు అలసట కూడా చోటు చేసుకోవడం ఆలోచింపజేస్తుంది. పని భారంతో విసిగిన అధికారి ఒక్క సంతకం వాయిదా వేస్తే ఒక మనిషి చెరలో మరికొన్ని నెలలు గడుపుతాడు.

అశోకుడు మరణదండనను రద్దు చేయలేదు. శిక్ష పడినవారికి మూడు రోజుల గడువు మాత్రం ఇచ్చానని నాలుగవ స్తంభశాసనంలో చెప్పుకున్నాడు. ఐదవ స్తంభశాసనం ప్రకారం పట్టాభిషేకమైన 26 ఏళ్ల కాలంలో 25 సార్లు ఖైదీలను విడుదల చేశాడు.

క్షురకుడు, స్నానం, ఔషధం

ఆచార్య నాగార్జునుడు రత్నావళిని ఒక రాజుకు ఉపదేశంగా రచించాడు. ఆ రాజు శాతవాహనుడని సంప్రదాయం చెబుతుంది. ఏ శాతవాహనుడన్న విషయంలో పండితులలో ఏకాభిప్రాయం లేదు. ఈ గ్రంథం నాలుగవ పరిచ్ఛేదంలో దండనీతిని గురించిన భాగమున్నది. బలహీనులైన ఖైదీలను ఆలస్యం లేకుండా విడుదల చేయాలని, తక్కినవారిని విడిచేవరకు చెరలో వారికి క్షురకుడు, స్నానం, అన్నపానాలు, ఔషధం, వస్త్రాలు అందుబాటులో ఉండాలని నాగార్జునుడు రాజుకు చెబుతాడు. యోగ్యత లేని కుమారుని యోగ్యుని చేయాలనే కోరికతో తండ్రి దండించినట్లు కరుణతో శిక్షించాలే తప్ప ద్వేషంతోనో ధనాశతోనో కాదంటాడు. ఘోరపాపం చేసినవారే కరుణకు ప్రధాన పాత్రులన్నది ఆయన వాదం. హంతకులను సైతం చంపక, హింసింపక దేశం నుండి పంపివేయమంటాడు.

ఈ పట్టికలో క్షురకుడు ఎందుకు? గడ్డం పెరిగి, మాసి, చర్మవ్యాధులతో బయటకు వచ్చినవానిని చూడగానే లోకం చెరనే గుర్తుచేసుకుంటుంది. శుభ్రమైన దేహంతో, ఆరోగ్యంతో వచ్చినవాడు పని అడగగలడు. నాగార్జునుని దృష్టిలో శిక్షకు లక్ష్యం శిక్షానంతర జీవితమే. ఆ లక్ష్యాన్ని దృష్టిలో ఉంచుకొని చూస్తే ఈ చిన్న ఏర్పాట్లు చిన్నవిగా కనిపించవు.

పుట్టుకతోనే ముద్ర

దీనికి పూర్తిగా వ్యతిరేకమైన ప్రయోగం తెలుగు నేల మీదనే జరిగింది. 1871 నాటి క్రిమినల్ ట్రైబ్స్ చట్టం కొన్ని సముదాయాలను మొత్తంగా నేరస్థులుగా ప్రకటించింది. 1911 సవరణతో అది మద్రాసు ప్రెసిడెన్సీకి విస్తరించింది. తరువాత కొన్ని సంవత్సరాలకే నేటి బాపట్ల జిల్లాలో చీరాల సమీపాన స్టూవర్ట్‌పురం సెటిల్‌మెంట్ ఏర్పడింది. దాని నిర్వహణ సాల్వేషన్ ఆర్మీకి అప్పగించారు. ఎరుకల కుటుంబాలను అక్కడ ఉంచి, హాజరు పిలుపులతో, రాకపోకలపై ఆంక్షలతో కట్టడి చేశారు. సంచారజీవులకు సంచారమే జీవనోపాధి. అది తొలగిన చోట ముద్ర మాత్రం మిగిలింది. చట్టం 1952లో దేశవ్యాప్తంగా రద్దయినా, దాని స్థానంలో అలవాటుపడిన నేరస్థుల చట్టాలు వచ్చాయి. ఊరి పేరు దశాబ్దాల పాటు నేరానికి పర్యాయపదంగా వాడుకలో ఉండిపోయింది. ఆ ఊరివాడన్న ఒక్క కారణంతో ఉద్యోగం దొరకనివాడు, ఎక్కడ దొంగతనం జరిగినా మొదట పిలుపు అందుకునేవాడు నేరానికి మరలితే, ఆ మరలడంలో మనకు భాగం లేదని అనగలమా?

1970వ దశకం నుండి హేమలత, లవణం దంపతులు అక్కడ చేసిన కృషి ఈ ప్రశ్నకు ఆచరణలో సమాధానం. గాంధేయ, నాస్తిక భావాలు గల ఆ దంపతులు నేరజీవితం విడువదలచినవారి కుటుంబాలతో కలిసి పనిచేశారు. వారి మార్గం బౌద్ధం పేరు చెప్పలేదు. అయినా పురోహితుడు మహావిజితునికి చెప్పినదానికి అది దూరమైనదీ కాదు. ఇటీవల 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు, జైళ్లలో కులాన్ని బట్టి పనులు కేటాయించే నియమాలను కొట్టివేస్తూ, విముక్త జాతులను అలవాటుపడిన నేరస్థులుగా చూసే ధోరణిని కూడా తప్పుపట్టింది.

ధ్యానం ఒక్కటే చాలునా?

1975లో జైపూర్ కేంద్ర కారాగారంలో ఎస్.ఎన్. గోయెంకా విపశ్యన శిబిరం నిర్వహించారు. 1994లో తీహార్ జైలులో వెయ్యిమందికి పైగా ఖైదీలు ఒకేసారి పాల్గొన్న శిబిరం జరిగింది. అక్కడ శాశ్వత కేంద్రమూ ఏర్పడింది. అనుసయాలను గుర్తించే శిక్షణగా వీటి విలువ కాదనలేనిది. కోపం పుట్టిన క్షణానికీ చేయి లేచిన క్షణానికీ మధ్య కొంత వ్యవధి ఏర్పడితే అనేక హింసాత్మక నేరాలు జరగవు. అయితే పైన చూసిన ఆధారాలన్నీ ధ్యానాన్ని ఒంటరిగా ఎక్కడా నిలపలేదు. కూటదంత సుత్తం విత్తనాలను గురించి మాట్లాడింది. అశోకుడు ఖైదీ సంతానాన్ని గుర్తుంచుకున్నాడు. వినయం 20 మంది సాక్షుల సమ్మతిని కోరింది. తెలంగాణ జైళ్లశాఖ నడిపే పెట్రోలు బంకులలో ఖైదీలకు, విడుదలైనవారికి పని కల్పించడం వంటి ఏర్పాట్లు ఈ రెండవ భాగాన్ని పూరిస్తాయి. మనస్సుకు శిక్షణనిచ్చి చేతికి పని ఇవ్వకపోతే, పని ఇచ్చి ఊరి తలుపులు మూసివేస్తే, మూడింట ఒకటి లోపించినట్లే.

ఇందులో బాధితుని పక్షాన్ని మరువరాదు. అంగులిమాలుని చూసి తలుపులు మూసినవారిలో అతని చేతిలో ఆప్తులను కోల్పోయినవారు ఉండి ఉంటారు. వారి భయం నిజమైనది. అందుకే బౌద్ధం నేరాన్ని మరచిపొమ్మనలేదు. తల పగిలి వచ్చిన అంగులిమాలునితో, నీ కర్మఫలమే అనుభవిస్తున్నావు, ఓర్చుకొమ్మన్న భావంతో బుద్ధుడు మాట్లాడాడు. ఫలం అనుభవించక తప్పదన్న మాటను, మారలేవన్న మాటతో ఆయన కలపలేదు.

26 ఏళ్లలో 25 విడుదలలను అశోకుడు స్తంభాల మీద లెక్కగా చెక్కించాడు. ఆ విడుదలైనవారిలో ఎందరు ఇళ్లకు చేరారో, ఎందరు మరల చెరకు వచ్చారో ఏ శాసనమూ చెప్పదు. నేటి రాజ్యం వద్ద లెక్కించే సాధనాలున్నాయి. ఎందరు తిరిగివచ్చారన్న సంఖ్యతో పాటు, విడుదలైన మొదటి సంవత్సరంలో వారిలో ఎందరికి పని దొరికింది, ఎందరికి ఇల్లు దొరికింది, ఎందరిని కుటుంబం స్వీకరించింది అన్న సంఖ్యలనూ నమోదు చేయడం మొదలుపెడితే, మహావిజితుని పురోహితుడు వేసిన ప్రశ్నకు సమాధానం వెదకడం ఆరంభించినట్లవుతుంది.